నేను నవ్వినవాణ్ణి

(తణుకు దగ్గర ఒక ఊరి శాఖా గ్రంథాలయంలో, వేసవి సెలవుల చివర్లో, ఇంటర్, డిగ్రీ చదివే పిల్లలకీ వాళ్ళ తల్లిదండ్రులకీ ఒక యువకుడు చేసిన ప్రసంగం. మాట్లాడింది మాట్లాడినట్టే ఎక్కించాం.)

మైకు వినపడుతోందా? వెనకాల పేపర్ల బల్ల దగ్గర కూర్చున్నవాళ్ళకి? ఆ ఫ్యాను చప్పుడు ఒకటి. ఆపమందామంటే ఈ ఉక్కలో మీరే నన్ను కిందికి దింపేస్తారు, తిరగనివ్వండి.

లైబ్రేరియన్ గారు నన్ను పిలిచి, "ర్యాగింగ్ గురించి పిల్లలకి నాలుగు మంచి మాటలు చెప్పు బాబూ" అన్నారు. మంచి మాటలు చెప్పేవాళ్ళు మనకి కొదవ లేదండీ. పంద్రాగస్టుకీ చెప్తారు, టీచర్స్ డేకీ చెప్తారు. నేను చెప్పేది అంత మంచి మాటేం కాదు. ఇలాంటి విషయం మీద మామూలుగా రెండు రకాల వాళ్ళు మాట్లాడతారు. ఏడిపిస్తే ఏడ్చినవాళ్ళు, లేకపోతే ఒకప్పుడు ఏడిపించి తర్వాత మారినవాళ్ళు. నేను ఈ రెండిట్లో లేను. నేను పక్కన నిలబడి నవ్వినవాణ్ణి. ఈ హాల్లో నాలాంటివాళ్ళే ఎక్కువమంది ఉంటారని నా అనుమానం, అందుకే వచ్చాను.

పదో తరగతి అయ్యాక నన్ను ఒక రెసిడెన్షియల్ కాలేజీలో వేశారు. పేరెందుకులెండి. గదికి ఎనిమిది మంది, రెండంతస్తుల ఇనప మంచాలు, కిటికీకి కట్టిన తాడు మీద ఎనిమిది తువ్వాళ్ళు. మొదటి రెండు వారాలు గదికి ఆటవస్తువుని నేనే. మన గోదావరోళ్ళకి మాటకి ముందో వెనకో "ఆయ్" పడుతుంది కదా, నాకు తెలీకుండానే వచ్చేసేది. రాత్రి వార్డెన్ హాజరు వేసేటప్పుడు నా పేరు పిలవగానే నేను నోరు తెరిచేలోగా మిగతావాళ్ళంతా ఒకేసారి "ఆయ్, ఉన్నానండి" అనేవాళ్ళు. వార్డెన్ కూడా నవ్వేవాడు. నేనూ నవ్వేవాణ్ణి, ఏం చేస్తాం. ఆ తర్వాత దుప్పటి ముసుగేసుకుని, రేపు పొద్దున ఏ మాటలు మాట్లాడకూడదో లెక్క వేసుకునేవాణ్ణి. పదహారేళ్ళవాడు ఫిజిక్సు లెక్కలు వేసుకోవాల్సిన టైములో.

మూడో వారం ఒక కుర్రాడు కొత్తగా చేరాడు, శ్రీకాకుళం వైపు నుంచి. నా పక్క మంచం. మొదటి రోజు ఎవరో "బకెట్ ఎక్కడ పెట్టావురా?" అని అడిగితే వాడు "ఏటి?" అన్నాడు. అంతే. గది మొత్తం ఒక్క క్షణం ఆగి గొల్లుమంది. ఆ రోజు నుంచి వాడి పేరు "ఏటి". మెస్సులో ఏటి, స్టడీ అవర్లో ఏటి. గోడ మీద బొగ్గుతో ఏటి. సాంబారు గరిటె పట్టుకున్న వంటాయన కూడా, పాపం ఏ ఉద్దేశం లేకుండానే, "ఏటి బాబూ, ఇంకొంచెం వెయ్యనా?" అనేవాడు.

నాకెలా అనిపించిందో దాచకుండా చెప్తాను. హాయిగా అనిపించింది. రాత్రి హాజరులో నా పేరు పిలిస్తే ఇప్పుడు ఎవరూ "ఆయ్" అనట్లేదు. నా బరువు దించి వాడి నెత్తిన పెట్టారు. వాడు ఏదైనా అనగానే అందరికంటే ముందు, అందరికంటే గట్టిగా నవ్వింది నేనే. నవ్వకపోతే మళ్ళీ నా వైపు తిరుగుతారని భయం.

వాడు మాట్లాడ్డం తగ్గించేశాడు. ఉప్పు కావాలంటే చేత్తో చూపించేవాడు. క్లాసులో సారు లేపి అడిగితే, సమాధానం తెలిసి కూడా, నాకు తెలుసు వాడికి తెలుసని, తెలీదు అన్నట్టు తల అడ్డంగా ఊపేవాడు. దసరా సెలవులకి వెళ్ళినవాడు తిరిగి రాలేదు. వారం తర్వాత వాళ్ళ నాన్న వచ్చాడు, సామాను పట్టుకెళ్ళడానికి. తెల్ల పంచె, చేతిలో గుడ్డ సంచి. పరుపు చుట్టి లుంగీతో కట్టాడు, ట్రంకు పెట్టెలో కంచం, గ్లాసు ఉన్నాయో లేదో చూసుకున్నాడు. గదిలో నేనొక్కణ్ణే ఉన్నాను, జ్వరం వచ్చి. నా మంచం పక్కన నిలబడి, "మావోడు ఏటీ సెప్పట్నేదు బాబూ. ఇక్కడ ఏటయ్యిందో నీకేటైనా తెలుసా?" అని అడిగాడు.

తెలీదండీ అన్నాను.

ఆయన గుడ్డ సంచిలోంచి జంతికల పొట్లం తీసి నా మంచం మీద పెట్టాడు. మా ఆవిడ గదిలో పిల్లలందరికీ పంపింది, పంచుకోండి అన్నాడు. వెళ్ళిపోయాడు.

సరే. ఇక్కడితో నా కథ ఆపుతాను, లేకపోతే మీరు జాలిపడతారు, జాలి పడాల్సింది నా మీద కాదు.

ఒక మాట గమనించారా, ఇంగ్లిషువాళ్ళు బుల్లీయింగ్ అంటారే, దానికి మన ఇళ్ళల్లో వాడే సరైన మాట లేదు. ఉన్నదల్లా "ఏడిపించడం". ఆ మాటనే మనం ముద్దుకి కూడా వాడతాం. మేనమామ మేనకోడల్ని ఏడిపిస్తాడు, కొత్త అల్లుణ్ణి మరదళ్ళు ఏడిపిస్తారు. అందరూ నవ్వుతారు, అందులో తప్పేం లేదు. ఇబ్బంది ఎక్కడొస్తుందంటే, పిల్లాడు ఇంటికొచ్చి "అమ్మా, నన్ను ఏడిపిస్తున్నారు" అన్నప్పుడు అమ్మకి ఆ మరదళ్ళు గుర్తొస్తారు. "పోనీలేరా, సరదాకి అని ఉంటారు" అంటుంది. పిల్లాడు చెప్పింది ఒకటి, అమ్మ విన్నది ఇంకొకటి. ఇలా ఏడిపిస్తే బాధపడే పిల్లలకి తోడుండే చిన్న గుంపు ఒకటుంది మాది. సరదా ఏది, సరదా కానిది ఏది అని మమ్మల్ని చాలామంది అడుగుతుంటారు. మేం పెట్టుకున్న గుర్తు చిన్నది. తిరిగి అదే మాట అతను మిమ్మల్ని అనగలడా? అంటే మీరు నవ్వుతారా? మరదలు బావని అంటే బావ మరదల్ని అంటాడు, లెక్క సరిపోతుంది. హాస్టల్లో ఒకడు, ఎదురుగా ఏడుగురు. అక్కడ లెక్క ఎలా సరిపోతుంది?

డిగ్రీకి వచ్చాక నేను దీని గురించి కాస్త చదవడం మొదలుపెట్టాను. కెనడాలో టొరంటో బడుల్లో కొందరు పరిశోధకులు ఒక పని చేశారు, 2001లో అచ్చయింది అది. ఆటస్థలంలో పిల్లలకి చిన్న మైకులు తగిలించి, దూరం నుంచి కెమెరా పెట్టి, ఎవరు ఎవర్ని ఏడిపిస్తున్నారో, చుట్టూ ఉన్నవాళ్ళు ఏం చేస్తున్నారో రికార్డు చేశారు. వాళ్ళకి తేలింది వినండి. ఇలాంటి సంఘటనలు వంద జరిగితే 88 సార్లు తోటిపిల్లలు అక్కడే ఉన్నారు. అంటే ఇది చీకట్లో, ఎవరూ చూడకుండా జరిగే దొంగతనం లాంటిది కాదు. ఇది వీధి నాటకం, చూసేవాళ్ళుంటేనే జరుగుతుంది. ఆ పిల్లల్లో ఎవరైనా అడ్డుపడింది వందకి 19 సార్లు. అలా అడ్డుపడ్డప్పుడు సగానికి పైగా, 57 శాతం సార్లు, 10 సెకన్లు తిరక్కుండానే ఆగిపోయింది. పది సెకన్లు! మా గదిలో ఎవరో ఒకరు "ఒరేయ్, చాల్లేరా" అని ఉంటే చాలేమో. ఆ ఒక్కడు నేనయ్యుండొచ్చు. నాకు ఆ అంకె చదివిన రాత్రి నిద్ర పట్టలేదు.

అడ్డుపడమంటే హీరోలా చొక్కా చేతులు మడుచుకుని వెళ్ళమని కాదు. కెనడాలోనే ఇంకో చోటు, నోవా స్కోషియా. 2007లో సెంట్రల్ కింగ్స్ రూరల్ హైస్కూల్ అనే బడిలో, తొమ్మిదో తరగతి కుర్రాడొకడు బడి తెరిచిన మొదటి రోజు గులాబీ రంగు చొక్కా వేసుకొచ్చాడు. తెలంగాణ నుంచి వచ్చిన చుట్టాలు ఎవరైనా ఉంటే కంగారు పడకండి, ఇది ఆ గులాబీ కాదు. (నవ్వులు) మగపిల్లాడు ఆ రంగు వేసుకోవడమేంటని కొందరు వాణ్ణి పేర్లు పెట్టి పిలిచారు, కొడతామని బెదిరించారు. ఈ సంగతి పన్నెండో తరగతి కుర్రాళ్ళు ఇద్దరికి తెలిసింది, డేవిడ్ షెపర్డ్, ట్రావిస్ ప్రైస్. సీనియర్లు. మన సినిమాలో అయితే ఇక్కడ ఫైటు ఉండాలి. వాళ్ళు ఏం చేశారంటే, చవకగా బట్టలమ్మే కొట్టుకెళ్ళి ఓ యాభై గులాబీ చొక్కాలు కొన్నారు. రాత్రికి క్లాసువాళ్ళందరికీ ఈమెయిల్ పెట్టారు. పొద్దున గేటు దగ్గర నిలబడి పంచారు. వందలమంది పిల్లలు ఏదో ఒక గులాబీ గుడ్డ తగిలించుకుని వచ్చారు. ఆ కుర్రాడు లోపలికి వచ్చేసరికి బడంతా అదే రంగు. ఇక ఎవర్ని ఏడిపిస్తారు? కెనడాలో ఇప్పుడు ఏటా ఫిబ్రవరి ఆఖరి బుధవారం పింక్ షర్ట్ డే అంటే మొదలు ఇదే.

నాకు ఇందులో నచ్చింది చొక్కాలు కాదు. ఏడిపించినవాళ్ళ జోలికి ఆ ఇద్దరూ వెళ్ళలేదు, ఏడ్చినవాడి పక్కకి వెళ్ళారు. మా గుంపు పనంతా దీని చుట్టూనే తిరుగుతుంది. అయితే ఒక సంగతి, ఇవాళ చాలాచోట్ల ఆ రోజు అందరూ గులాబీ చొక్కా వేసుకుని సెల్ఫీ దిగి, మర్నాడు మామూలైపోతారని కూడా అంటారు. అదీ నిజమే అయ్యుంటుంది. మన దగ్గర యోగా డే చూడట్లేదా.

మా గుంపు అన్నాను కదా. మొత్తం పదకొండు మందిమి. ఇద్దరు ఇంజనీరింగు, ముగ్గురు డిగ్రీ, ఒకతను సెల్ షాపు, ఒకమ్మాయి నర్సింగు, మిగతావాళ్ళు ఇంటర్. పేరు పెట్టలేదు. పేరు పెడితే ఫ్లెక్సీ కొట్టించాలి, ఫ్లెక్సీ కొట్టిస్తే అందులో ఎవరి ఫొటో పెద్దది అని గొడవ. మేం మొదట చేసిన పనులు రెండూ బెడిసికొట్టాయి, అవి చెప్తాను, మీరు మొదలుపెడితే పనికొస్తాయి.

ఒకటి, నాటిక. ఒక హైస్కూల్లో ర్యాగింగ్ తప్పు అని పావుగంట నాటిక వేశాం. ఏడిపించే సీనియర్ వేషం మావాడొకడు వేశాడు. ఇరగదీశాడు. ఎంత బాగా చేశాడంటే, వారం తర్వాత అదే బడికి వెళ్తే పిల్లలు వాడి డైలాగులు కొట్టి ఒకళ్ళనొకళ్ళు ఏడిపించుకుంటున్నారు, వాడిలాగే జుట్టు వెనక్కి తోసుకుని మరీ! హెడ్మాస్టారు మమ్మల్ని చూసిన చూపు ఇంకా గుర్తుంది. బాధపడే కుర్రాడి వేషం ఎవరు వేశారో ఒక్కడికీ గుర్తులేదు.

రెండోది ఇంకా పెద్ద తప్పు. కాలేజీ బస్సులో ఒక ఫస్టియర్ కుర్రాణ్ణి రోజూ నిలబెట్టి పాటలు పాడిస్తున్నాడని ఒకతని గురించి మాకు తెలిసింది. మేం ఆవేశంగా వెళ్ళి స్టాపులో అందరి ముందూ అతన్ని చుట్టుముట్టి కడిగేశాం. మావాళ్ళలో ఒకడు అది వీడియో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. సాయంత్రానికి ఊరంతా తిరిగింది. ఏమైంది? అతను మర్నాడు కాలేజీకి రాలేదు. మూడో రోజు ఆ ఫస్టియర్ కుర్రాడు మా దగ్గరికొచ్చి, "అన్నా, దణ్ణం పెడతాను, ఇంకేం చెయ్యకండి, ఇప్పుడు వాళ్ళ బ్యాచ్ మొత్తం నా మీద పడ్డారు" అన్నాడు. మేం చేసింది కూడా అదే కదండీ, పదిమంది చేరి ఒకణ్ణి ఏడిపించడం. కాకపోతే మాకు న్యాయం మా వైపు ఉందన్న ధీమా. ఆ తర్వాత మా నర్సింగు అమ్మాయి ఒక నియమం పెట్టింది, ఇప్పటికీ అదే: బాధపడుతున్న మనిషిని అడక్కుండా ఏ పనీ చెయ్యకూడదు. నీకేం కావాలి అని అడగాలి. చాలాసార్లు వాళ్ళడిగేది మనం అనుకునేదానికంటే చాలా చిన్నది. "బస్సులో నా పక్క సీట్లో కూర్చుంటారా అన్నా" అంటారు. అంతే.

ఇప్పుడు మేం చేస్తున్నది అదే, పక్కన కూర్చోవడం. కాలేజీలు తెరిచిన మొదటి నెలా రెండు నెలలూ ఎక్కువ అవసరం. పొద్దున బస్సుల్లో మావాళ్ళు ఒక్కొక్కరు ఒక్కో కొత్త పిల్లాడి పక్కన కూర్చుంటారు. క్యారేజీ విప్పేటప్పుడు ఒంటరిగా చెట్టు కింద కూర్చున్నవాళ్ళ దగ్గరికి మా క్యారేజీ పట్టుకెళ్తాం. ఎవరూ ఏమీ ఉపన్యసించరు, పచ్చడి మార్చుకుంటారు. చూసేవాడికి ఇది ఒక కార్యక్రమంలాగే కనపడదు. కనపడకపోవడమే మంచిది. సాయం చేస్తున్నారని నలుగురికీ తెలిస్తే ఆ పిల్లాడికి అదో కొత్త పేరవుతుంది.

మా గుంపులోకి ఎవర్ని తీసుకోవాలన్నది కూడా ఆలోచించాల్సిందే. బళ్ళో ఇలాంటి కమిటీ వెయ్యమంటే మాస్టార్లు ఎవర్ని పెడతారు? క్లాసు ఫస్టు అమ్మాయిని, లీడరుని, చేతులు కట్టుకుని నిలబడేవాణ్ణి. వాళ్ళు మంచివాళ్ళే, కానీ వాళ్ళ మాట ఎవరైనా వింటారా? అమెరికాలో న్యూజెర్సీలో 2012-13లో ప్రిన్స్‌టన్ యూనివర్సిటీకి చెందిన ఎలిజబెత్ పాలక్, ఆవిడ తోటివాళ్ళు 56 బడుల్లో, 24 వేలమందికి పైగా పిల్లలతో ఒక ప్రయోగం చేశారు. ముందుగా పిల్లలందర్నీ, "ఈ మధ్య నువ్వు ఎవరెవరితో ఎక్కువ తిరుగుతున్నావు, ఓ పది పేర్లు రాయి" అన్నారు. ఎవరి పేరు ఎక్కువ చీటీల్లో వచ్చిందో చూశారు. సగం బడుల్లో కొద్దిమంది పిల్లల్ని ఒక జట్టుగా తీసుకుని, గొడవలు తగ్గించడానికి ఏం చెయ్యాలో మీరే ఆలోచించండి అని వదిలేశారు. పిల్లలు పోస్టర్లు వేశారు. ఎవరైనా గొడవ ఆపితే, ఒంటరివాడికి తోడుగా నిలబడితే, వాళ్ళ చేతికి నారింజ రంగు బ్యాండు కట్టారు. ఏడాదయ్యేసరికి ఆ బడుల్లో పిల్లల గొడవల మీద నమోదైన కేసులు 30 శాతం తగ్గాయి. చీటీల్లో ఎక్కువసార్లు పేరొచ్చిన పిల్లలు ఆ జట్టులో ఎంతమంది ఉంటే అంత బాగా పనిచేసింది. వాళ్ళు బుద్ధిమంతులే కానక్కర్లేదు. మా గుంపులో అందుకే క్రికెట్ టీము కెప్టెన్ని బతిమాలి చేర్చుకున్నాం. వాడికి రెండు సబ్జెక్టులు బ్యాక్‌లాగు, లెక్చరర్లకి వాడంటే పడదు. కానీ వాడు బస్సులో ఒకసారి "ఏంట్రా అది" అని తల తిప్పి చూస్తే చాలు. మేం పదిమందిమి గంటసేపు చెప్పినా రాని ఫలితం ఆ చూపుకొస్తుంది.

ఇక సెల్ ఫోను సంగతి. హాస్టల్లో నన్ను ఏడిపించేవాళ్ళు నేను ఇంటికెళ్తే నన్ను వదిలేవాళ్ళు. ఇప్పుడు అలా కాదు, దిండు కింద ఉంటారు. పోయినేడు ఒక ఇంటరమ్మాయి మా నర్సింగు అమ్మాయి దగ్గరికొచ్చింది. ఎవరో తన వాట్సాప్ డీపీ ఫొటో తీసుకుని, మార్ఫింగు చేసి, తన పేరుతో ఇన్‌స్టాగ్రామ్‌లో దొంగ అకౌంటు తెరిచారు. ఆ అమ్మాయి మొదటి మాట, "అక్కా, ఇంట్లో మాత్రం తెలియకూడదు." ఎందుకంటే తెలిస్తే ముందు ఫోను లాక్కుంటారు, తర్వాత కాలేజీ మాన్పిస్తారు. ఇక్కడ కూర్చున్న అమ్మానాన్నలకి ఒక దణ్ణం పెట్టి అడుగుతున్నాను. ఆడపిల్ల వచ్చి ఇలా చెప్పినప్పుడు మీ నోట్లోంచి వచ్చే మొదటి మాట "నువ్వు ఫొటో ఎందుకు పెట్టావు?" కాకుండా చూసుకోండి. ఆ ఒక్క మాటకి భయపడే పిల్లలు నెలల తరబడి లోపలే కుమిలిపోతున్నారు, అవతలివాడు దాన్నే ఆసరా చేసుకుంటున్నాడు.

ఏం చేశామో చెప్తాను. ముందు ఏదీ డిలీట్ చెయ్యనివ్వలేదు. కోపంలో అందరూ చేసే పని అదే, చూడలేక తీసేస్తారు, సాక్ష్యం పోతుంది. ఆ అకౌంటు పేరు, లింకు, తేదీ కనపడేలా స్క్రీన్‌షాట్లు తీశాం. తర్వాత అకౌంటుని రిపోర్టు చేశాం. "టేక్ ఇట్ డౌన్" అని ఇంటర్నెట్లో ఒక సైటు ఉంది, 18 ఏళ్ళలోపు పిల్లల నగ్న ఫొటోలు తీయించడానికి. పెద్దవాళ్ళకైతే "స్టాప్ ఎన్‌సీఐఐ". వీటిలో ఉన్న మంచి ఏంటంటే మన ఫొటో ఎవరికీ పంపక్కర్లేదు. మన ఫోన్లోనే ఆ ఫొటోకి ఒక వేలిముద్రలాంటి కోడు తయారవుతుంది, ఆ కోడు మాత్రమే వెళ్తుంది, దాంతో పోల్చి చూసి ఆ పథకంలో చేరిన కంపెనీలు అలాంటి ఫొటోని పట్టుకుంటాయి. ఆ తర్వాత, ఆ అమ్మాయి ఒప్పుకున్నాకే, వాళ్ళమ్మ దగ్గరికి ఇద్దరు ఆడపిల్లలు వెళ్ళి కూర్చున్నారు. వాళ్ళమ్మ ముందు గట్టిగా ఏడ్చింది, తర్వాత అందరికీ టీ పెట్టింది, ఆ తర్వాత చీర మార్చుకుని పోలీస్ స్టేషన్‌కి బయల్దేరింది. నేను ఇంకా సంకోచిస్తున్నాను, ఆవిడ ఆటో ఎక్కేసింది! అన్నిసార్లూ ఇలా జరగదు, ఇది మాకు తగిలిన అదృష్టం.

కాలేజీ ర్యాగింగ్ మీద చట్టం గురించి నాలుగు ముక్కలు. మన ఉమ్మడి రాష్ట్రంలో 1997లోనే ర్యాగింగ్ నిషేధ చట్టం వచ్చింది, తెలంగాణలోనూ అదే నడుస్తోంది. ఏడిపించి, అవమానిస్తే ఆరు నెలల దాకా జైలు. కొడితే, బెదిరిస్తే ఏడాది. గదిలో పెట్టి బంధిస్తే, గాయపరిస్తే రెండేళ్ళు. అలా పెరుగుతూ, చనిపోయినా, ఆత్మహత్యకి పురికొల్పినా యావజ్జీవం దాకా వెళ్తుంది. ఫిర్యాదొస్తే పట్టించుకోని ప్రిన్సిపాల్‌ని కూడా ఆ నేరానికి ప్రోద్బలం ఇచ్చినట్టే లెక్కేసే సెక్షను అందులో ఉంది, ఇది ప్రిన్సిపాళ్ళకి మాత్రం మహా బాగా గుర్తుంటుంది. చట్టం ఉంది కదాని ఆగిపోయిందా అంటే, 2009 మార్చిలో హిమాచల్‌లో టాండా మెడికల్ కాలేజీలో అమన్ కచ్రూ అనే 19 ఏళ్ళ ఫస్టియర్ కుర్రాడు సీనియర్లు కొట్టిన దెబ్బలకి చనిపోయాడు. వాళ్ళ నాన్న రాజేంద్ర కచ్రూ అక్కడితో ఊరుకోకుండా పట్టుబట్టి తిరిగారు. ఆ ఏడాదే జాతీయ హెల్ప్‌లైను వచ్చింది, 1800-180-5522. పేరు బయటపెట్టొద్దని అడగొచ్చు. యూనివర్సిటీలనీ డిగ్రీ కాలేజీలనీ చూసే యూజీసీ ర్యాగింగ్ మీద పెట్టిన నిబంధనలు కూడా ఆ ఏడాదివే.

ఆ నిబంధనల్లో ఎవరూ చదవని మాట ఒకటి ఉంది. అఫిడవిట్ సంతకాలు అందరికీ తెలుసు, అడ్మిషన్ రోజు చదవకుండా గీకేస్తాం. దాని పక్కనే, ప్రతి ఆరుగురు కొత్త పిల్లలకి ఒక సీనియర్ మెంటరుగా ఉండాలని, అలాంటి ఆరుగురు మెంటర్ల మీద ఇంకో పెద్ద మెంటరు ఉండాలని రాసి ఉంది. అంటే పక్కన కూర్చోవడం మేం కనిపెట్టింది కాదు, రూల్సులో ఉన్నదే. మీ కాలేజీలో మీ ఆరుగురికి మెంటరు ఎవరో ఈ జూలైలో అడగండి. గొడవ పెట్టుకోవద్దు, ఊరికే అడగండి.

"ర్యాంకెంత?" అనే ప్రశ్న గురించి కూడా చెప్పాలి. సీనియర్లు మొదటి రోజు ఇంట్రోలో అడిగేది అదే. పైకి మామూలు ప్రశ్న. కానీ ఆ అడగడం ర్యాంకు కోసం కాదని అడిగేవాడికీ తెలుసు, చెప్పేవాడికీ తెలుసు. ర్యాంకు విని, సీటు చూసి, కులం లెక్క కడతారు. అక్కణ్ణుంచి ఆ పిల్లాడు నాలుగేళ్ళు "కోటా" అయిపోతాడు. 2016లో యూజీసీ ఆ నిబంధనలు సవరించి, కులం, మతం, రంగు, ప్రాంతం, భాష లాంటివి పట్టుకుని అవమానించడం కూడా ర్యాగింగే అని స్పష్టంగా చేర్చింది. మా "ఏటి"కి అది వచ్చేసరికి ఆలస్యమైంది, వాడు చదివింది ఎలాగూ జూనియర్ కాలేజీ, యూజీసీ రూల్సు అక్కడికి రావు. 18 లోపు పిల్లలకైతే చైల్డ్ హెల్ప్‌లైను 1098 ఉంది, పగలూ రాత్రీ.

ఎవరైనా మీ దగ్గరికొచ్చి బాధ చెప్పుకుంటే సలహా ఇవ్వకండి, కాసేపు. "పట్టించుకోకు", "గట్టిగా ఉండు", "మగాడివి కాదా" ఇవి మూడూ మానేయండి. మధ్యలో ఫోను చూడకండి. చచ్చిపోవాలనిపిస్తోంది లాంటి మాట వినపడితే మాత్రం రహస్యం అని ఒట్టు వేయించుకున్నా సరే ఆ ఒట్టు గట్టున పెట్టండి. వాళ్ళని ఒంటరిగా వదలకండి, ఆ రాత్రికే ఒక పెద్దవాళ్ళకి చెప్పండి. 14416 టెలిమానస్, మనసు బాగోనివాళ్ళ కోసం ప్రభుత్వం పెట్టిన ఫోను, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. మా గుంపులో ఎవరమూ డాక్టర్లం కాదు. మా పని ఆ ఫోను చేసేదాకా పక్కన ఉండటం.

ఆ బస్సులో పాటలు పాడించిన అతన్ని కూడా మేం తర్వాత వెళ్ళి కలిశాం, ముగ్గురమే, వాళ్ళింటికి. వీడియో తీసినందుకు సారీ చెప్పాం. అతను చాలాసేపు గోడ వైపు చూసి, తను ఫస్టియర్లో ఉన్నప్పుడు అదే సీటు దగ్గర తనని నిలబెట్టి పాడించారని చెప్పాడు. అందుకని చేసింది ఒప్పైపోదు, అదే అతనికీ చెప్పాం. ఇప్పుడు మా గుంపులో లేడు గానీ, ఆ బస్సులో పాటలు మాత్రం లేవు.

ఇంకేం లేవు నా దగ్గర. అడగాలనుకున్నవాళ్ళు అడగండి. ఏంటమ్మా? గట్టిగా అడుగు. ... ఆ శ్రీకాకుళం అబ్బాయి ఇప్పుడెక్కడున్నాడని అడుగుతోంది.

పలాసలో ఉన్నాడు. జీడిపప్పు వ్యాపారం. నంబరు దొరికాక కూడా నాలుగు నెలలు పట్టింది నాకు ఫోను చెయ్యడానికి. పోయిన సంక్రాంతికి చేశాను. ముందు పిక్కల రేటు గురించి మాట్లాడాడు, నేనూ అదే మాట్లాడాను, ధైర్యం చాలక. ఆఖర్న సారీ రా అన్నాను. కాసేపు లైన్లో ఏమీ వినపడలేదు, కట్ అయిందేమో అనుకున్నాను.

"మా నాన్న ఇచ్చిన జంతికలు తిన్నావా?" అని అడిగాడు.

తిన్నానన్నాను.